ఏసీ క్యాబిన్ వచ్చింది సరే.. లారీ స్టీరింగ్ కింద కారుతున్న ఆయిల్ సంగతేంటి?

2025 అక్టోబర్ 1 నుంచి తయారవుతున్న, 3.5 టన్నులు దాటిన ప్రతి సరుకు రవాణా వాహనానికి డ్రైవర్ క్యాబిన్‌లో ఏసీ ఉండాల్సిందే. అంతకు కొద్ది రోజుల ముందే, సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారాయి. లారీల మీద పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. విడిభాగాలన్నీ 18 శాతంలోకే వచ్చేశాయి. లారీ మీద బతికేవాళ్లకు రెండూ మంచి కబుర్లే.

కానీ హైవే మీద ఇవాళ తిరుగుతున్న లారీల్లో ఎక్కువ భాగం ఆ తేదీల కంటే ముందే షోరూమ్ దాటినవి. వాటిలో డ్రైవర్ బాధ ఉక్కపోత ఒక్కటే కాదు. రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే తీస్తే, ముందు టైర్ల దగ్గర నేల మీద ఎర్రటి ఆయిల్ మరక. క్లీనర్ చూస్తాడు, డ్రైవర్ చూస్తాడు. డబ్బాలో మిగిలిన ఆయిల్ కొంచెం పోసి, లెవెల్ సరిచేసి బయల్దేరతారు. మర్నాడు మళ్లీ అదే మరక.

బ్రేకులో చిన్న తేడా వస్తే అప్పటికప్పుడు షెడ్డుకు పంపే ఓనర్లు కూడా పవర్ స్టీరింగ్ లీకును నెలల తరబడి నెట్టుకొస్తున్నారు. ఎందుకంటే పవర్ స్టీరింగ్ డ్రైవర్ సుఖం కోసం పెట్టిందన్న లెక్క ఇంకా పోలేదు. "అది లేని రోజుల్లో లారీలు నడవలేదా?" అనే మాట ఏ లారీ స్టాండులోనైనా వినిపిస్తుంది. అసలు ఇబ్బందంతా ఆ మాటలోనే ఉంది.

తిప్పేది చెయ్యి.. తోసేది ఆయిల్

సిస్టమ్ చూడ్డానికి చిన్నదే. ఇంజిన్‌తో పాటు తిరిగే ఒక పంపు, ఫిల్టర్ ఉన్న ఆయిల్ ట్యాంకు, కొన్ని హోస్ పైపులు, ఛాసిస్‌కు బిగించిన స్టీరింగ్ బాక్స్. డ్రైవర్ స్టీరింగ్ కొంచెం తిప్పగానే బాక్స్ లోపలి వాల్వు దారి ఇస్తుంది. పంపు నుంచి వచ్చిన ఆయిల్ పిస్టన్‌ను ఒకవైపు నుంచి తోస్తుంది. ఆ తోపుడు డ్రాప్ ఆర్మ్‌కు, అక్కడి నుంచి డ్రాగ్ లింక్, టై రాడ్ మీదుగా ముందు చక్రాలకు చేరుతుంది.

ఆ ఆయిల్‌లో ఒత్తిడి ఎంత ఉంటుందో చాలామందికి అంచనా ఉండదు. లారీ టైరులో గాలి ఒత్తిడి 8 బార్‌కు అటూ ఇటూ. లోడు బండిని నిలబెట్టి స్టీరింగ్‌ను చివరి దాకా తిప్పినప్పుడు పవర్ స్టీరింగ్ పైపులో ఒత్తిడి 100 బార్ దాటిపోతుంది. అందుకే లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడటం చాలా ప్రమాదం. సన్నని బీట నుంచి చిమ్మే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది కానీ, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం అది. అట్టముక్క అడ్డం పెట్టి చూస్తే సరిపోయే పనికి చెయ్యి పెట్టడం దేనికి?

బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2018 జులైలో కేంద్రం యాక్సిల్ లోడ్ పరిమితులు పెంచింది. ఆరు టైర్ల లారీకి లోడుతో కలిపి 16.2 టన్నులున్న పరిమితి 18.5 అయింది. పది టైర్ల లారీకి 25 నుంచి 28.5 అయింది. ఆ తర్వాత వచ్చిన బండ్లు ఆ లెక్కకు తగ్గట్టు తయారయ్యాయి. పాత లెక్కకు తయారైన బండిలో కొత్త లెక్క ప్రకారం లోడు కొడితే, దాని మీద ఇంకో రెండు టన్నులు అదనంగా వేస్తే, ముందు యాక్సిల్ మీద పడే ఆ అదనపు బరువును ప్రతి మలుపులోనూ తోయాల్సింది స్టీరింగ్ పంపే. ఓవర్‌లోడ్ అంటే టైర్లు, కమాన్‌ పట్టీలు గుర్తొస్తాయి గానీ పంపు ఎవరికీ గుర్తు రాదు.

ఇంజిన్ ఆగితే?

స్టీరింగ్ పూర్తిగా పోదు. ఆయిల్ సాయం ఆగినా లోపల ఇనుము ఇనుముతో కలిసే ఉంటుంది, బండి తిరుగుతుంది. కాకపోతే డ్రైవర్ ఒంట్లో బలమంతా పెట్టి తిప్పాలి. చదును రోడ్డు మీద నెమ్మదిగా పోతున్నప్పుడైతే పక్కకు తీసి ఆపుకోవచ్చు. శ్రీశైలం నుంచి దోర్నాలకు దిగేటప్పుడో, మారేడుమిల్లి ఘాట్‌లోనో వరుస మలుపుల మధ్య అయితే ఆ టైమ్ దొరకదు.

డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ చేసి ఇంజిన్ ఆపేసే పాత అలవాటు ఇంకా కొందరిలో ఉంది. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది. బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ ఆగుతుంది. గేరులో ఉంటే ఇంజిన్ ఇచ్చే పట్టు ఎలాగూ పోయింది. మూడూ ఒకేసారి పోతాయి. మిగిలే డీజిల్ ఎంత, పెడుతున్న పందెం ఎంత?

పాత లారీలతో పోలిక కూడా ఇక్కడే చెల్లదు. ఆ రోజుల్లో స్టీరింగ్ పెద్దగా ఉండేది, గేరింగ్ నెమ్మదిగా ఉండేది. ఒక మలుపుకు ఎక్కువ చుట్లు తిప్పాలి, కానీ ఒక్కో చుట్టుకు పెట్టాల్సిన బలం తక్కువ. ఇప్పటి స్టీరింగ్ బాక్స్ ఆయిల్ తోస్తుందన్న భరోసా మీదే డిజైన్ అయింది. ఆ తోపుడు లేనప్పుడు ఇది పాత లారీ కంటే కష్టంగా తిరుగుతుంది. అంటే పవర్ స్టీరింగ్ చెడిపోయిన లారీ, పవర్ స్టీరింగ్ లేని లారీ.. రెండూ ఒకటి కాదు.

నింద పంపు మీద.. తప్పు ఇంకెక్కడో

"స్టీరింగ్ టైట్‌గా ఉంది" అని షెడ్డుకు వెళ్లగానే పంపు విప్పడం మొదలుపెట్టే మెకానిక్ దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట చేయి తిరిగిన స్టీరింగ్ మేస్త్రి ముందు ఆయిల్ జోలికే పోడు. టైర్ల గాలి చూస్తాడు. తర్వాత జాకీ పెట్టి ముందు యాక్సిల్ లేపి, డ్రాగ్ లింక్ విడదీసి, చక్రాలను చేత్తో అటూ ఇటూ తిప్పి చూస్తాడు. అక్కడే బిగుసుకుపోతే కింగ్ పిన్‌లో గ్రీజు ఎండిపోయినట్టు, లేదా దాని బేరింగ్ పోయినట్టు. పంపు కొత్తది వేసినా ఆ బరువు దిగదు. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రావడం లేదంటే కూడా మొదటి అనుమానం కింగ్ పిన్ మీదే.

పవర్ స్టీరింగ్‌కు ఉన్న చెడ్డ గుణం ఇదే. కిందున్న తప్పును డ్రైవర్ చేతికి తెలియనివ్వదు. మామూలు స్టీరింగ్ అయితే గ్రీజు లేని కింగ్ పిన్ సంగతి భుజం నొప్పి రూపంలో వారంలో బయటపడేది. పవర్ స్టీరింగ్ ఆ భారాన్ని నెలల తరబడి గప్‌చుప్‌గా మోస్తుంది. ఎక్కువ మోస్తే ఎక్కువ ఒత్తిడి, ఎక్కువ ఒత్తిడితో ఎక్కువ వేడి. ఆ వేడికి రబ్బరు సీల్ గట్టిపడి పెళుసవుతుంది. అప్పుడు మొదలవుతుంది లీకు. ఓనర్ కంటికి కనిపించేది లీకు, డబ్బు పెట్టేది సీల్‌కు. గ్రీజు గన్ మాత్రం షెడ్డు మూలనే ఉంటుంది.

ఆ తర్వాత లక్షణాలు చూడాలి. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు బరువుగా ఉండి, రేస్ ఇస్తే తేలికపడితే పంపు అరిగినట్టు. పంపు బెల్టు మీద నడిచేదైతే బెల్టు జారుతూ ఉండొచ్చు. రెండు వైపులా కాకుండా ఒక్కవైపే బరువుగా ఉంటే పంపు బాగానే ఉంది, బాక్స్ లోపలి వాల్వు దగ్గరో సీల్ దగ్గరో తేడా. కుయ్యిమని మూలుగుతూ, ట్యాంకు మూత తీస్తే నురుగు కనిపిస్తే ఆయిల్‌లో గాలి చేరినట్టు.

ఈ గాలి విషయంలో మెకానిక్‌లు కూడా పొరపడుతుంటారు. ట్యాంకు నుంచి పంపుకు వెళ్లే పైపులో ఒత్తిడి ఉండదు, అది పీల్చుకునే పైపు. దాని క్లిప్పు వదులైతే ఒక్కోసారి ఆయిల్ చుక్క కూడా బయటికి రాదు. గాలి మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది. బయట తడి లేదు కాబట్టి ఆ పైపు బాగుందనుకుంటారు, పంపు మార్చేస్తారు. కొత్త పంపు కూడా మూలుగుతుంది. క్లిప్పు ఒక చుట్టు బిగిస్తే పోయే శబ్దం అది.

అసలు పంపుదా, బాక్స్‌దా అనే గొడవ తేల్చడానికి ప్రెషర్ గేజ్ ఉంది. రెండింటి మధ్య పైపులో గేజ్, దాని పక్కన వాల్వు పెట్టి, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా వాల్వును కొద్ది సెకన్లు మాత్రమే మూసి చూడాలి. అంతకంటే ఎక్కువ మూస్తే పంపే కాలిపోతుంది. కంపెనీ చెప్పిన ప్రెషర్ వస్తే పంపుకు క్లీన్ చిట్ ఇచ్చినట్టే, ఇక వెతకాల్సింది బాక్స్‌లో. ఎక్కువ టైమ్ పట్టని పని ఇది. అయినా అంచనాతోనే పంపులు మారిపోతున్నాయి.

సీల్ కిట్ వేశారు.. మళ్లీ లీకు ఎందుకు?

లీకు అనగానే సీల్ కిట్ తెప్పించి మార్చేయడం మామూలైపోయింది. నిజానికి సీల్ ఎందుకు పోయిందో చూడకుండా మారిస్తే పదో ట్రిప్పుకు మళ్లీ అదే కథ. షాఫ్ట్ మీద తుప్పు గుంటలు పడితే, గీతలు పడితే కొత్త సీల్ పెదవిని అవి కోసేస్తాయి. బేరింగ్ అరిగి షాఫ్ట్ ఊగుతుంటే ఏ కంపెనీ సీలైనా నిలవదు. బాక్స్ విప్పినప్పుడు గోరుతో తడిమితే గీత తగులుతుందా లేదా అన్నది చిన్న పరీక్షే, కానీ కిట్ డబ్బు వృథా కాకుండా కాపాడేది అదే.

బాక్స్ విప్పే చోటు కూడా ముఖ్యమే. రోడ్డు పక్కన దుమ్ములో విప్పి, వేస్ట్ గుడ్డతో తుడిచి బిగిస్తే, ఆ గుడ్డ నూలు పోగు ఒక్కటి చాలు వాల్వును పట్టేయడానికి. పంపు లోపల విరిగి ఇనుప రజను వదిలితే పైపులు, ట్యాంకు మొత్తం కడిగి ఫిల్టర్ మార్చకుండా కొత్త పంపు పెట్టడం పాత రజనును కొత్త పంపుకు తినిపించడమే.

ఇక ఆయిల్. చాలా లారీల్లో వాడేది ఎర్రటి ఏటీఎఫ్ ఆయిల్. కొన్ని మోడళ్లకు వేరే గ్రేడు ఉంటుంది, ట్యాంకు మూత మీదో మాన్యువల్‌లోనో రాసి ఉంటుంది. దారిలో దొరకలేదని బ్రేక్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీల్స్ ఉబ్బి మెత్తబడిపోతాయి. అప్పటికి లారీ గమ్యం చేరొచ్చు, ఆ తర్వాత బాక్స్ మొత్తం విప్పాల్సిందే.

ఆయిల్ మార్చాక ఎయిర్ తీయడం దగ్గర తొందర పనికిరాదు. ముందు చక్రాలు లేపి, ఇంజిన్ ఆపి ఉండగానే స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పుతూ ట్యాంకు ఎండిపోకుండా పోస్తుండాలి. బుడగలు తగ్గాకే ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి మళ్లీ తిప్పాలి. చివరి దాకా తిప్పి అక్కడే పట్టి ఉంచకూడదు. ఐదు సెకన్లు దాటితే ఆయిల్ వేడెక్కిపోతుంది. గోడౌన్ సందుల్లో రివర్స్ తీసేటప్పుడు స్టీరింగ్‌ను అంచుకు బిగపట్టే డ్రైవర్లు కూడా ఇది గుర్తుంచుకోవాలి. అంచుకు చేరకముందే ప్రెషర్ తగ్గించే వాల్వులు చాలా బాక్సుల్లో ఉంటాయి. అయితే బాక్స్ మార్చినప్పుడు వాటిని ఆ బండి చక్రాల తిరుగుడుకు సెట్ చేయాలి. ఆ సెట్టింగ్ చేయకుండా వదిలేస్తే ప్రతి ఫుల్ టర్నింగ్ పంపు ఆయుష్షు తింటుంది.

ఒక్క విషయంలో మాత్రం రాజీ కుదరదు. గుంతలో పడి వంగిన డ్రాప్ ఆర్మ్‌ను, టై రాడ్‌ను గ్యాస్ పెట్టి కాల్చి నిటారు చేయడం, బీట వేస్తే వెల్డింగ్ కొట్టడం రిపేరు కాదు. ఆ ఇనుముకు కంపెనీలో ఇచ్చిన గట్టిదనం మంట తగలగానే పోతుంది. పైకి రంగు వేస్తే కొత్తదానిలాగే ఉంటుంది, ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. సీల్ లీకైతే స్టీరింగ్ బరువెక్కి హెచ్చరిస్తుంది. డ్రాప్ ఆర్మ్ విరిగితే ఏ హెచ్చరికా ఉండదు, స్టీరింగ్‌కు చక్రాలకు సంబంధమే తెగిపోతుంది.

"ఈ ట్రిప్పు కొట్టేసి రా, చూద్దాం"

ఇవన్నీ తెలియక రిపేర్లు ఆగడం లేదు. "స్టీరింగ్ బరువుగా ఉందండీ" అని డ్రైవర్ ఫోన్ చేస్తే, "ఈ ట్రిప్పు కొట్టేసి రా, చూద్దాం" అంటాడు ఓనర్. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఒకటో రెండో బండ్లున్న ఓనర్‌కు ఫైనాన్స్ వాయిదా తేదీ కదలదు. బండి షెడ్డులో ఉన్న రోజుకు కిరాయి రాదు. ఒప్పుకున్న లోడు వదిలేస్తే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు మళ్లీ పిలుస్తుందో లేదో. ట్రిప్పు లెక్కన డబ్బు తీసుకునే డ్రైవర్‌కు కూడా షెడ్డులో కూర్చుంటే వచ్చేదేమీ లేదు. అందుకే అతను కూడా గట్టిగా అడగడు.

జీఎస్టీ తగ్గడం వల్ల ఇక్కడ మారేది కొంతే. పన్ను లేకుండా 10 వేల రూపాయలున్న భాగం 28 శాతం శ్లాబు నుంచి 18కి వస్తే మిగిలేది వెయ్యి. షెడ్డులో గడిచే రెండు రోజుల నష్టాన్ని ఆ వెయ్యి పూడ్చదు. ఇన్సూరెన్స్ కూడా ఆదుకోదు, ఎందుకంటే అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ మామూలు మోటారు పాలసీ కిందకు రావు. రిపేరు వాయిదా పడటానికి అసలు కారణం పార్టు ధర కాదు, ఆగిపోయే రోజులు. దానికి మందు కూడా ఆ రోజుల్లోనే వెతకాలి. పోర్టు గేటు దగ్గరో మార్కెట్ యార్డులోనో అన్‌లోడింగ్ కోసం లారీలు గంటల తరబడి ఎలాగూ ఆగుతున్నాయి. గ్రీజు కొట్టడం, క్లిప్పులు బిగించడం, ఆయిల్ రంగు చూడటం.. షెడ్డు అక్కర్లేని పనులన్నీ ఆ ఖాళీలోనే అయిపోతాయి. అవి చేసిన బండికి షెడ్డు అవసరం ఆలస్యంగా వస్తుంది.

30 డిగ్రీలంటే ఎంత?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వ రూల్ స్టీరింగ్ గురించే. స్టీరింగ్ మీద ఖాళీ, మెకానిక్‌లు 'ప్లే' అనేది, 30 డిగ్రీలు దాటకూడదు. స్టీరింగ్ లింకుల బాల్ జాయింట్లకు రబ్బరు క్యాపులు ఉండాలి. బోల్టులు, పిన్నులు ఊడిపోకుండా లాక్ చేసి ఉండాలి. ఆ రబ్బరు క్యాపుల దాకా రూల్ రాసినవాళ్లకు లారీ కింద ఏం జరుగుతుందో బాగానే తెలుసు. క్యాపు చిరిగితే నీరు, ఇసుక లోపలికి పోయి జాయింటును తినేస్తాయి, ప్లే అక్కడి నుంచే పెరుగుతుంది.

అర మీటరు వెడల్పున్న స్టీరింగ్ అంచు మీద 30 డిగ్రీలంటే దాదాపు 13 సెంటీమీటర్లు. జానెడులో సగం కంటే ఎక్కువ. అంత దూరం తిప్పినా చక్రం కదలదన్నమాట. 60 కిలోమీటర్ల వేగంలో లారీ సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. డ్రైవర్ ఆ ఖాళీని దాటి చక్రాన్ని అందుకునేలోపు ఎదురుగా వచ్చే బైకు ఎంత దగ్గరికొస్తుందో లెక్క వేసుకోవచ్చు. 30 అనేది చట్టం ఒప్పుకునే ఆఖరి గీత. అక్కడి దాకా ఆగడం బండి బాగుందనడానికి గుర్తు కాదు. పవర్ స్టీరింగ్ బండిలో ఈ ప్లేను ఇంజిన్ ఆన్‌లో ఉంచే చూడాలి.

మరి ఫిట్‌నెస్ పరీక్ష పట్టుకోదా? పట్టుకోవాలి. కొత్త రవాణా బండికి మొదటి రెండేళ్లు, ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ తప్పదు. భారీ వాహనాలకు ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లలోనే పరీక్ష చేయాలన్న గడువును మొదట 2023 ఏప్రిల్ 1 అన్నారు, తర్వాత 2024 అక్టోబర్ 1కి మార్చారు. చక్రాల కింది ప్లేట్లు కదిపి జాయింట్ల ప్లే చూసే యంత్రాలు ఈ స్టేషన్లలో ఉంటాయి. చేత్తో ఊపి సంతకం పెట్టే పద్ధతి కంటే ఇది ఎంతో నయం. అయితే ఏ యంత్రమైనా ఆ రోజు బండి ఎలా ఉందో చెబుతుంది. ఆ పొద్దున్నే ఆయిల్ నింపి, అడుగు శుభ్రంగా కడిగించిన లారీ మర్నాటి నుంచి ఎలా కారుతుందో దానికి తెలిసే వీలు లేదు.

అందుకే చట్టంలో ఇంకో సెక్షన్ ఉంది, దాన్ని ఓనర్లు తక్కువగా పట్టించుకుంటారు. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ ప్రకారం లోపమున్న బండిని నడిపినవాళ్లే కాదు, నడిపించినవాళ్లు, నడపనిచ్చినవాళ్లు కూడా బాధ్యులే. లోపం తెలిసి ఉండాలన్న షరతు కూడా లేదు. మామూలు శ్రద్ధ పెడితే తెలిసేదైతే చాలు. జరిమానా 1500 రూపాయలు. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా గాయమైతే, ఆస్తి నష్టమైతే మూడు నెలల దాకా జైలు, 5 వేల జరిమానా, లేదా రెండూ.

పొద్దున్నే నేల మీద కనిపించే ఎర్ర మరక కంటే మామూలు శ్రద్ధకు తేలిగ్గా తెలిసేది ఇంకేముంటుంది? ఇప్పుడు డ్రైవర్లు ఆ మరకను ఫోన్‌లో ఫొటో తీసి ఓనర్‌కు వాట్సాప్‌లో పంపుతున్నారు. పంపిన తేదీ, టైమ్‌తో సహా అది రెండు ఫోన్లలోనూ ఉంటుంది. ఆ మెసేజ్ కింద "ఈ ట్రిప్పు కొట్టేసి రా" అన్న జవాబు ఉంటే, రేపు ఏదైనా జరిగినప్పుడు తనకు తెలియదని ఓనర్ చెప్పడం కష్టం.